తెర మూలన చుక్క: రీళ్ళ రోజుల్లో ప్రపంచ సినిమా చూడటం, దాని గురించి రాయటం

అప్పట్లో సినిమా కొన్ని రీళ్ళుగా వచ్చేది, రెండు ప్రొజెక్టర్ల మీద వాటిని మార్చి మార్చి వేసేవాళ్ళు. ఒక రీలు ముగియబోతుంటే తెర కుడివైపు పైమూలన ఒక చిన్న చుక్క పడేది. నాలుగంటే నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. అది కనబడగానే ప్రొజెక్టర్ గదిలో ఆపరేటరు రెండో మిషన్ మోటారు వేసేవాడు. ఇంకో ఏడు సెకన్లకి రెండో చుక్క. దానితోపాటే మొదటి మిషన్ షట్టర్ పడిపోయి రెండోది తెరుచుకునేది. అంతా సవ్యంగా జరిగితే కింద కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలిసేది కాదు. కొంచెం ఆలస్యమైతే తెరమీద రీలు చివరి ఖాళీ ఫిల్ము తెల్లగా మెరిసేది, తొందరపడితే ఒక మాట మధ్యలో తెగిపోయేది.

సినిమాల గురించి రాసేవాళ్ళకి ఆ చుక్కే గడియారం. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి నిమిషానికి 90 అడుగులు. రెండు వేల అడుగుల రీలు నిండుగా ఉంటే 22 నిమిషాలు. అయితే రీలుని సన్నివేశం మధ్యలో కోయరు, ఒక ముగింపు దగ్గరే ఆపుతారు. అందుకని లెక్కకి పద్దెనిమిది, ఇరవై నిమిషాలే వచ్చేది. రెండు గంటల సినిమా అంటే 10,800 అడుగులు, ఆరేడు రీళ్ళు. చీకట్లో నోట్సు రాసుకునేవాళ్ళు చుక్క పడినప్పుడల్లా కాగితం మీద ఒక అడ్డగీత గీసేవాళ్ళు. ఇంటికెళ్ళాక చూసుకుంటే ఏ సంఘటన ఏ రీల్లో వచ్చిందో, కథ ఎక్కడ మలుపు తిరిగిందో, దర్శకుడు అసలు విషయానికి రావటానికి ఎంతసేపు తీసుకున్నాడో ఆ గీతలే చెప్పేవి. "మూడో రీలు దాకా సాగదీశాడు" అన్నమాట అలంకారానికి అన్నది కాదు, అది కొలత.

చీకట్లో రాయటం కూడా ఒక విద్యే. కాగితానికి ఒకవైపే రాయాలి, వరసకీ వరసకీ రెండు వేళ్ళ ఎడం వదలాలి, లేకపోతే ఒక వాక్యం మీద ఇంకోటి ఎక్కి ఏదీ చదవలేం. ఎడమచేతి బొటనవేలు వరస మొదట్లో పెట్టి, రాయటం అవగానే కిందికి జరపాలి. తల దించకూడదు. పెన్ను కంటే పెన్సిల్ నయం, ఒరిగినా రాస్తుంది. ఇక ఏం రాయాలన్నది ముఖ్యం. కథ రాసుకోనక్కర్లేదు, అది గుర్తుంటుంది. అభిప్రాయం రాసుకోనక్కర్లేదు, అదీ ఉంటుంది. మర్చిపోయేది బొమ్మ: కెమెరా ఎటువైపు ఉంది, ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, తలుపు తెరిచి ఉందా, మాట ముందు వినబడిందా, మనిషి ముందు కనబడ్డాడా. ఒక్కసారి మాత్రమే చూసే అవకాశం ఉన్న కాలంలో ఇవి రాసుకోనివాళ్ళు, సినిమాలో లేని షాట్లు ఉన్నట్టు రాసేశారు. పాత విమర్శ పుస్తకాలు తిరగేస్తూ పక్కన సినిమా పెట్టుకుని చూస్తే అలాంటివి చాలా దొరుకుతాయి. వాళ్ళు అజాగ్రత్తగా రాశారని కాదు. మనిషి జ్ఞాపకం తనకు నచ్చిన సినిమాని తనే మళ్ళీ ఎడిట్ చేసుకుంటుంది.

రీళ్ళ కాలం మీద ఇంత మమకారం ఎందుకంటే, అప్పుడు సినిమా ఒక వస్తువుగా కళ్ళ ముందు ఉండేది. మనం చూస్తున్నది ఒక ఫలానా ప్రింటు అన్న సంగతి మర్చిపోవటం కుదిరేది కాదు. దానికి వయసుండేది, గాయాలుండేవి. గాయాలు ఎప్పుడూ రీలు మొదట్లో, చివర్లో ఎక్కువ, ఎందుకంటే మిషన్లోకి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు చేతులు పడేది అక్కడే. నిలువు గీతలు వర్షంలా పడుతున్నాయంటే రీలు ముగింపుకొస్తోందని అర్థం. ప్రింటు ఎన్ని ఊళ్ళు తిరిగితే రీలు చివర అంత కురచ అవుతుంది. చిరిగిన చోట రెండు మూడు ఫ్రేములు కోసి అతికించేవాళ్ళు. ఇంకో ఊళ్ళో మళ్ళీ అక్కడే చిరిగేది.

అతుకు దగ్గర జరిగేది గమనించదగ్గ విషయం. ఫిల్ము అంచున ఉండే సౌండ్ ట్రాక్, దాని బొమ్మకంటే దాదాపు 20 ఫ్రేములు ముందుంటుంది. బొమ్మ గేటు దగ్గర, అంటే వెలుతురు ఫ్రేము గుండా తెరమీదకి పోయే చోట, ఒక్కో ఫ్రేమూ ఆగి ఆగి కదలాలి. శబ్దం చదివే దీపం దగ్గర ఫిల్ము కుదుపు లేకుండా జారాలి. ఈ రెండు పనులూ ఒకే చోట కుదరవు కాబట్టి శబ్దం చదివే భాగాన్ని (సౌండ్ హెడ్) గేటుకి కిందగా పెట్టారు. ఫలితం ఏమిటంటే, అతుకు వచ్చినప్పుడు ముందు బొమ్మ గెంతుతుంది, ముప్పావు సెకను దాటాక శబ్దం గెంతుతుంది. ఈ మధ్యలో పెదవులూ మాటలూ కలవవు. ఈ వరస తెలిసినవాళ్ళు దాన్ని ప్రింటు ఖాతాలో వేసేవాళ్ళు. తెలియనివాళ్ళు "ఎడిటింగ్ కుదురుగా లేదు" అని రాసేవాళ్ళు. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ సమీక్ష ఆ ఎడిటర్ పేరు పక్కన అలాగే నిలబడి ఉంటుంది.

మైకు కనబడటం కూడా అంతే. 1.85 నిష్పత్తిలో (బొమ్మ ఎత్తుకి వెడల్పు 1.85 రెట్లు) విడుదలైన చాలా సినిమాలు నెగటివ్ మీద ఇంకా ఎత్తుగా తీసినవే. పైనా కిందా ఉన్న భాగాన్ని ప్రొజెక్టర్లోని రేకు కప్పేస్తుంది. ఆపరేటరు ఫ్రేమింగ్ కాస్త కిందికో పైకో జరిగిందంటే, లేదా తప్పు రేకు పెట్టాడంటే, నటుల తలమీద మైకు వేలాడుతూ కనబడుతుంది. అది హాలు తప్పు. తర్వాత టీవీ కోసం వీడియోకి ఎక్కించినప్పుడు ఆ రేకు లేకుండా నెగటివ్ మొత్తం చూపించేసిన సినిమాల్లోనూ ఇదే జరిగింది. "ఇంత పేరున్న దర్శకుడు మైకు కూడా చూసుకోలేదా" అన్న వాక్యం రాసే ముందు, చూసిన కాపీ ఏ నిష్పత్తిలో ఉందో ఒకసారి కొలుచుకోవాలి. స్టాన్లీ కూబ్రిక్ 1975లో 'బ్యారీ లిండన్' ప్రింట్లతోపాటు ప్రొజెక్షనిస్టులకు ఉత్తరం పంపి, సినిమాని 1.66 లో వెయ్యమని ప్రత్యేకంగా అడిగాడు. అంత పెద్ద దర్శకుడికి కూడా చివరి ఫ్రేము ఆపరేటరు చేతిలోనే ఉందని తెలుసు.

రంగుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 1950ల నుంచి 1980ల తొలినాళ్ళ దాకా వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో రంగులు నిలవలేదు. నీలి, ఆకుపచ్చ ఛాయలు ముందు వెలిసిపోయి అంతా గులాబీ రంగుకి తిరిగేది. ఆకాశం గులాబీ, గడ్డి గులాబీ, కథానాయిక తెల్లచీర గులాబీ. అలాంటి ప్రింటు ఒక్కటే చూసి దర్శకుడి వర్ణ ప్రణాళిక గురించి పేజీలు రాయటం సాధ్యమే, రాసినవాళ్ళూ ఉన్నారు. టెక్నికలర్ వాళ్ళ డై ట్రాన్స్‌ఫర్ (రంగుల్ని ఒకదానిమీద ఒకటి అచ్చువేసే పద్ధతి) ప్రింట్లు మాత్రం అలా వెలవలేదు. అందుకే ఒకే సినిమాకి రెండు రకాల ప్రింట్లు ఉన్నాయని తెలిస్తే, ఏది దొరుకుతుందో కనుక్కుని మరీ వెళ్ళేవాళ్ళు. ఈ వెలసిపోవటం మీద అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సీసి 1980లో గట్టిగా ప్రచారం చేశాడు. 1980ల మొదట్లో నిలకడైన రంగుల ప్రింటు ఫిల్ము వచ్చింది. స్కోర్సీసి 1990లో పాత సినిమాల్ని కాపాడటానికి ఫిల్మ్ ఫౌండేషన్ పెట్టాడు. ఆ తర్వాత 2007లో వచ్చిన వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ వల్ల ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల సినిమాలెన్నో మళ్ళీ చూడగలుగుతున్నాం.

వాసన కూడా గుర్తుండిపోయిన విషయమే. అసిటేట్ ఫిల్ము పాడవటం మొదలైతే డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఫిల్ము బేస్ విరిగి అసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లమే మిగతా ఫిల్ముని ఇంకా వేగంగా విరుస్తుంది. పక్క డబ్బాలకీ అంటుకుంటుంది. ఫిల్ము కుంచించుకుపోయి, అంచు రంధ్రాల మధ్య దూరం తగ్గి, ప్రొజెక్టర్ పళ్ళకి కుదరక చిరుగుతుంది. దానికి ముందుతరం నైట్రేట్ ఫిల్ము. అంటుకుంటే తన ఆక్సిజన్ తనే తయారుచేసుకుని నీళ్ళలో కూడా మండుతుంది. 1950ల తొలినాళ్ళలో దాని తయారీ ఆగిపోయింది. కానీ నైట్రేట్ ప్రింటులో నలుపు తెలుపుల మెరుపు చూసినవాళ్ళు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు, అది సబబే.

ఫిల్మ్ సొసైటీల్లో ఎక్కువగా నడిచింది 16 ఎం.ఎం. అందులో అడుగుకి 40 ఫ్రేములు, నిమిషానికి 36 అడుగులు, 1,600 అడుగుల రీలు 44 నిమిషాలు. చాలాచోట్ల ఒకే ప్రొజెక్టర్ ఉండేది కాబట్టి రీలు అయిపోగానే లైట్లు వేసి, కొత్త రీలు ఎక్కించేదాకా జనం మాట్లాడుకునేవాళ్ళు. సమీక్షకు సగం ఆలోచనలు ఆ ఐదు నిమిషాల్లోనే పుట్టేవి. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళు చూసి, అయిపోగానే తరువాతి సినిమా దానంతటదే మొదలైపోతుంటే ఆ విరామం విలువ తెలిసొస్తోంది.

మూకీల దగ్గరకి వస్తే లెక్క ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మూకీలకి ఒక స్థిరమైన వేగం లేదు. సెకనుకి 16 నుంచి 24 దాకా ఎంతైనా ఉండొచ్చు. వెయ్యి అడుగుల ఫిల్ములో 16,000 ఫ్రేములు. సెకనుకి 16 చొప్పున నడిపితే 16 నిమిషాల 40 సెకన్లు. అదే 24 చొప్పున నడిపితే 11 నిమిషాల చిల్లర. మూకీలలో మనుషులు గబగబా గెంతుతూ నడుస్తారన్న అభిప్రాయం చాలావరకు ఇలా పుట్టిందే. సౌండ్ ప్రొజెక్టర్ల మీద తప్పు వేగంతో వేసిన ఫలితం అది. కార్ల్ డ్రయర్ 1928లో తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' కథ తెలిసిందే. అసలు నెగటివ్ మంటల్లో పోయింది, 1981లో ఓస్లో దగ్గరి ఒక మానసిక చికిత్సాలయంలో పూర్తి ప్రింటు బయటపడింది. ఆ సినిమాకి ఇప్పుడు 20 ఫ్రేముల వేగంతో ఒకటి, 24 ఫ్రేముల వేగంతో ఒకటి డిస్క్ మీద దొరుకుతున్నాయి. రెండూ చూడండి. ఒకదాంట్లో ఆ ముఖాలు ఆలోచిస్తున్నట్టుంటాయి, రెండోదాంట్లో న్యాయమూర్తులు మీద పడుతున్నట్టుంటుంది. "నెమ్మదిగా సాగింది" అని రాయాలంటే ముందు ఏ వేగమో చెప్పాలి కదా.

వేగంలాగే మూకీల్లో రంగూ తారుమారైపోయింది. 1922 నాటి 'నోస్ఫెరాటు'లో రాత్రి దృశ్యాలు పగలే తీశారు. ప్రింటుని నీలం రంగులో ముంచితే అది రాత్రి అని ప్రేక్షకులకి అర్థమయ్యేది. దశాబ్దాలపాటు రంగు లేని నలుపు తెలుపు కాపీలు తిరగటంతో, ఎండకు చచ్చిపోయే పిశాచం మిట్టమధ్యాహ్నం వీధుల్లో శవపేటిక మోసుకు తిరిగినట్టు కనబడింది. దానిమీద వేళాకోళం చేసిన సమీక్షలన్నీ ప్రింటు లోపాన్ని దర్శకుడు మూర్నావ్‌కి అంటగట్టినవే. మాటల సినిమాల్లో కూడా పగటిపూట తీసి రాత్రిగా చూపించే పద్ధతి ఉంది. ల్యాబులో ముదురుగా ప్రింటు చేస్తేనే రాత్రి. వీడియో చేసేవాళ్ళు ఆ సంగతి ఎరక్క వెలుతురు పెంచేస్తే, పాత్ర పట్టపగలు లాంతరు పట్టుకుని దారి వెతుక్కుంటూ ఉంటుంది.

వీడియో క్యాసెట్ రోజులు తలుచుకోకుండా ఉండలేం. అప్పటిదాకా పేర్లు మాత్రమే విన్న జపాన్, ఇటలీ, పోలండ్ సినిమాలు ఇంట్లోకి వచ్చాయి. ఒక సన్నివేశాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూడొచ్చన్నది, రాసేవాళ్ళకి దొరికిన అతి పెద్ద వరం. దానికి కట్టిన మూల్యం ఎక్కువే. 2.35 నిష్పత్తిలో ఉన్న స్కోప్ (వెడల్పాటి తెర) బొమ్మని 1.33 టీవీకి నింపాలంటే నూటికి 43 వంతుల బొమ్మ పారేయాలి. రెండు అంచుల్లో ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకుంటుంటే, మధ్యలో ఖాళీని తీసేయలేరు కాబట్టి టెక్నీషియన్ ఒకసారి ఎడమవైపు మనిషిని, ఒకసారి కుడివైపు మనిషిని చూపిస్తూ కోసేవాడు. ఒకే షాట్‌గా తీసినది ఆరు షాట్లు అయ్యేది. కదలని కెమెరా పక్కకి జరిగేది. ఆ ఇద్దరి మధ్య దూరమే ఆ సన్నివేశం అర్థమైతే, క్యాసెట్‌లో అర్థమే లేదు. క్యాసెట్ చూసి దర్శకుడి షాట్ విభజనను మెచ్చుకోవటం అంటే, పేరు తెలియని ఒక వీడియో టెక్నీషియన్‌ని మెచ్చుకోవటమే.

ఇంకో చిక్కు నిడివి. యూరప్‌లోనూ మన దేశంలోనూ వాడిన పాల్ పద్ధతి టీవీలు సెకనుకి 25 ఫ్రేములు చూపించేవి. 24 ఫ్రేముల సినిమాని ఉన్నదున్నట్టు 25 మీద నడిపేసేవాళ్ళు. 120 నిమిషాల సినిమా 115 నిమిషాల 12 సెకన్లకే అయిపోతుంది. ఒక్క ఫ్రేము కూడా కోయకుండానే ఐదు నిమిషాలు మాయం. గొంతుల శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది. సంగీతం చెవికి పట్టినవాళ్ళు ఆ తేడా ఇట్టే పట్టేస్తారు. "సెన్సారు వాళ్ళు ఐదు నిమిషాలు కోశారు" అని ఆవేశపడే ముందు నిడివిని 25తో హెచ్చించి 24తో భాగించి చూడాలి. లెక్క సరిపోతే కోత లేదు.

పాత రికార్డుల్లో నిడివి మీటర్లలో ఉంటుంది. దాన్ని 27.4తో భాగిస్తే 24 ఫ్రేముల వేగానికి నిమిషాలు వస్తాయి. ఈ ఒక్క భాగహారం ఎన్నో అనుమానాలు తీరుస్తుంది. ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపొలిస్' 1927 జనవరిలో బెర్లిన్‌లో మొదటిసారి వేసినప్పుడు 4,189 మీటర్లు. భాగిస్తే సుమారు 153 నిమిషాలు. ఆ తర్వాత ఎనిమిది దశాబ్దాలపాటు లోకం చూసినవన్నీ బాగా కోసేసిన రూపాలే. కథ అతకటం లేదని, పాత్రలు హఠాత్తుగా మారిపోతున్నాయని విమర్శకులు పదేపదే రాశారు. అతకకపోవటానికి కారణం మధ్యలో ముక్కలు లేకపోవటమే. 2008లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్ మ్యూజియంలో ఒక 16 ఎం.ఎం. కాపీ దొరికింది. 2010లో దాదాపు పూర్తి రూపం వచ్చింది, అందులో కొత్తగా చేరింది 25 నిమిషాల దాకా. చేరిన భాగాలు చూడగానే తెలిసిపోతాయి. నిండా గీతలు, ఫ్రేము కూడా ఒక పక్క, పైన కాస్త చిన్నది. 35 నుంచి 16కి దింపేటప్పుడే ఆ గీతలు బొమ్మతోపాటు అచ్చయిపోయాయి, అంచులు తెగిపోయాయి. అయినా వాటిని దాచకుండా, మిగతా సినిమాతో కలిపి అలాగే ఉంచారు. చాలా మంచి పని చేశారు. ప్రేక్షకుడికి ఏది పోయిందో, ఏది దొరికిందో కళ్ళతోనే తెలుస్తుంది.

ఇలాంటి పునర్జన్మలు ఇంకా ఉన్నాయి. ఝాన్ రెన్వా తీసిన 'ది రూల్స్ ఆఫ్ ది గేమ్' 1939లో విడుదలై అపజయం పాలైంది, కోతలకు గురైంది, యుద్ధంలో బాంబు పడి నెగటివ్ పోయింది. 1959లో రెన్వా ఆమోదంతో 106 నిమిషాల రూపం కూర్చారు. ఇవాళ మనం మెచ్చుకుంటున్నది దాన్నే. ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్'ని స్టూడియో మార్చేస్తే, ఆయన 58 పేజీల ఉత్తరం రాశాడు. దాని ఆధారంగా 1998లో వాల్టర్ మర్చ్ మళ్ళీ ఎడిట్ చేశాడు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'ను 1989లో పునరుద్ధరించినప్పుడు కొన్ని చోట్ల బొమ్మ దొరికింది, మాట దొరకలేదు. పీటర్ ఓటూల్ పాతికేళ్ళు దాటిన వయసు తేడాతో తన యువకుడి పాత్రకు మళ్ళీ గొంతిచ్చాడు. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆ కాలిన, పెళుసుబారిన ఫిల్ముని ఇటలీలోని బొలోన్యా ల్యాబువాళ్ళు రసాయనాలతో తడి చేసి మెత్తబరిచి, అతుకులు విప్పి మళ్ళీ వేసి, అంచు రంధ్రాలు చేత్తో బాగుచేసి, పనికొచ్చిన ప్రతి అడుగూ స్కాన్ చేశారు. పనికిరాని చోట వేరే కాపీలు వాడారు. 2015లో అది తెరమీదకి వచ్చింది. 'పథేర్ పాంచాలి'ని ఇప్పుడు చూస్తున్నవాళ్ళు నెగటివ్ నుంచి వచ్చిన షాట్‌కీ, కాపీ నుంచి వచ్చిన షాట్‌కీ మధ్య చిన్న మార్పు గమనించగలరు. నల్లటి చోట్ల వివరం తగ్గుతుంది, గింజ (ఫిల్ము మీద బొమ్మని తయారుచేసే సన్నటి రేణువులు, గ్రెయిన్) కాస్త ముతకవుతుంది.

గింజ అనగానే గుర్తొచ్చేది, ఈ రోజుల్లో పునరుద్ధరణలు చూసే తీరు. ఫిల్ము గింజ బొమ్మ మీద పడిన దుమ్ము కాదు, బొమ్మే దానితో తయారైంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిస్తే ముఖాలు మైనం పూసినట్టవుతాయి. పరీక్ష చేయటానికి మూడు చోట్లు చాలు. జుట్టు చూడాలి, వెంట్రుకలు విడివిడిగా ఉండాలి. ముతక బట్ట చూడాలి, నేత కనబడాలి. వానపడే సన్నివేశం చూడాలి. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే గీతలు చెరిపే సాఫ్ట్‌వేర్ ఒకే ఫ్రేములో కనబడి మాయమయ్యే తెల్లటి గీతను దెబ్బగా లెక్కేస్తుంది. వాన చినుకూ అలాంటిదే. నిప్పురవ్వ, ఎగిరే బాణం కూడా అంతే. మనిషి కూర్చుని ఫ్రేము ఫ్రేమూ చూసి ఆపకపోతే దర్శకుడు కురిపించిన వాన పలచబడిపోతుంది. శబ్దంలో కూడా బుస తీసేస్తూ గాలి, గది మౌనం, నటుడి ఊపిరి తీసేసినవి ఉన్నాయి. మాటల మధ్య నిశ్శబ్దం ఒక్కసారిగా బావిలా అయిపోతే అనుమానించాలి.

విదేశీ సినిమాల్లో సబ్‌టైటిల్స్ సంగతి ప్రత్యేకం. ప్రింటు మీద చెక్కిన తెల్లక్షరాలు, తెల్లచొక్కా మీదో మంచు మీదో పడినప్పుడు మాయమయ్యేవి. కథలో కీలకమైన మాట ఎప్పుడూ అక్కడే వచ్చేది. ఇప్పుడు అక్షరాలకు నల్ల అంచు ఉంటుంది కానీ, వేగం కొలత పాతదే: రెండు వరసలు, సెకనుకి పన్నెండు నుంచి పదిహేడు అక్షరాలు. మనిషి గబగబా మాట్లాడితే అన్నీ పట్టవు. అనువాదకుడు కుదించక తప్పదు. అందుకని సంభాషణల పసందు గురించి తీర్పు చెప్పేటప్పుడు ఒక మెట్టు కిందే ఆగటం మంచిది. డబ్బింగ్ గురించీ ఒక మాట. ఒకనాటి ఇటాలియన్ సినిమాల్లో చాలావరకు గొంతులు తర్వాత చేర్చినవే, ఇటాలియన్ వెర్షన్లో కూడా. సెర్జియో లియోనె సినిమాల్లో ఒక్కో నటుడు సెట్లో ఒక్కో భాష మాట్లాడాడు. అక్కడ పెదవులు కలవకపోవటాన్ని లోపంగా చూపించటం అర్థం లేని పని.

కొత్త సినిమాలకి ఇవన్నీ అక్కర్లేదనిపిస్తుంది. ఇప్పుడు హాళ్ళకి ఫైళ్ళ రూపంలో వచ్చే డిజిటల్ సినిమా ప్యాకేజీకి గీతలు పడవు, వంద ఊళ్ళు తిరిగినా మొదటి రోజు బొమ్మే. 2కె స్కోప్ అంటే 2048 పిక్సెళ్ళు అడ్డం, 858 నిలువు, ఎక్కడైనా అంతే. కానీ చెడగొట్టటానికి దారులు మిగిలే ఉన్నాయి. త్రీడీ సినిమా తర్వాత ప్రొజెక్టర్ ముందు పెట్టిన త్రీడీ పరికరం తీయకుండా మామూలు సినిమా వేస్తే వెలుతురు బాగా పడిపోతుంది. ప్రమాణం ప్రకారం తెర మధ్యలో 14 ఫుట్ లాంబర్ట్‌ల (తెర వెలుతురుకి కొలత) వెలుతురు ఉండాలి. రాత్రి సన్నివేశాల్లో నటుల కళ్ళు కనబడటం లేదంటే ఛాయాగ్రాహకుణ్ణి తిట్టే ముందు ఇంకో హాల్లో చూడాలి. పాత 1.37 సినిమాని 1.85 తెరకి నింపేసే హాళ్ళూ ఉన్నాయి. ఎత్తులో నాలుగో వంతు పోతుంది, తలలు తెగుతాయి.

ఇంట్లో చూసి రాసేవాళ్ళు టీవీలో రెండు మూడు సంగతులు ముందే సరిచేసుకోవాలి. కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్ పూర్తిగా ఆపేయాలి. అది లేని ఫ్రేములు కల్పించి, సినిమాని స్టూడియో వీడియోలా మారుస్తుంది. అంచులు కోసే ఓవర్‌స్కాన్ తీసేయాలి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది, లేకపోతే సినిమా మోడ్ పెట్టి, గదిలో దీపాలార్పాలి. విమర్శకులకు పంపే లింకుల్లో నాణ్యత తక్కువ, పైగా చూసేవాళ్ళ పేరు నీటిగుర్తుగా (వాటర్‌మార్క్) తెరమీద ఉంటుంది. చీకటి దృశ్యాలు గళ్ళు గళ్ళుగా విడిపోతే అది లింకు లోపం. అలాంటి కాపీ చూసి ఛాయాగ్రహణం మీద రాయకపోవటమే న్యాయం.

ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో వేసిన రూపానికీ, విడుదలైన రూపానికీ తేడా ఉండటం కూడా మామూలే. మొదటి ప్రదర్శనలో చూసి రాసింది, ఆరునెలల తర్వాత చదివేవాడు చూసిన సినిమాకి వర్తించకపోవచ్చు. ఫిల్మ్ పత్రికల్లో ప్రతి సమీక్షకూ పైన సన్నటి అక్షరాల్లో నిడివి, నిష్పత్తి, భాష, ఎన్ని మీటర్లు అని వేసే అలవాటు ఒకప్పుడు ఉండేది. చాలామంది దాన్ని దాటేసి చదివేవాళ్ళు. ఆ నాలుగు వరసలు మళ్ళీ రావాలని గట్టిగా అనిపిస్తుంది. విడుదల సంవత్సరం, చూసిన కాపీ నిడివి, నిష్పత్తి, ఏ భాష ట్రాకు, సబ్‌టైటిల్స్ ఏ భాషలో, ఎక్కడ చూశారు, పునరుద్ధరించినదైతే ఏ సంవత్సరంలో. మూకీ అయితే వేగం, సంగీతం ఎవరిది అన్నవి కూడా చేర్చాలి.

ఫిల్ము మీద సినిమా చూసే అవకాశం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అమెరికాలో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం 2015 నుంచి నైట్రేట్ ప్రింట్లతోనే ఒక ఉత్సవం నడుపుతోంది. కొన్ని ఆర్కైవులు, సినిమాథెక్‌లు (పాత సినిమాలు దాచి ప్రదర్శించే సంస్థలు) 35 ఎం.ఎం. వేస్తూనే ఉన్నాయి. అలాంటి చోటికి వెళ్తే, తెర ఎత్తుకి రెండు మూడు రెట్ల దూరంలో మధ్య వరసలో కూర్చోవటం మంచిది. ఆర్కైవు ప్రింట్లను రెండు ప్రొజెక్టర్ల మీదే వేస్తారు కాబట్టి చుక్కలు కనబడతాయి. ఆపరేటరు ఒప్పుకుంటే ప్రదర్శన తర్వాత ప్రింటు డబ్బా మీది చీటీ చూపించమని అడగండి. ఎన్ని రీళ్ళు, ఎన్ని అడుగులు, ఏ ఆర్కైవుది అన్నది దానిమీదే రాసి ఉంటుంది. సమీక్ష పైన వేయాల్సిన వరసల్లో సగం అక్కడే దొరికిపోతాయి.